ఇరవై చాలు

వీబ్రెన్ పద్యాన్ని మూడో పాదం దాకా బాగానే చదివాడు. నాలుగో పాదం దగ్గర గొంతు ఆగింది, కళ్ళు మాత్రం ఆగలేదు. కాగితాన్ని సూపు గిన్నె పక్కన బోర్లా పెట్టాడు. కోటైనా వేసుకోకుండా పెరటి తలుపు తీసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

వెనకాలే తలుపు గాలికి దబదబా కొట్టుకుంది. మారిట్ లేచి గడియ పెట్టి వచ్చి కూర్చుంది.

బల్ల దగ్గర ముగ్గురు మిగిలారు. వీబ్రెన్ భార్య నింకె, ఆవిడ తండ్రి డౌవె, గ్రోనింగెన్‌లో చదువుకుంటూ ఈ సాయంత్రం కోసమే రైలెక్కి వచ్చిన కూతురు మారిట్. బఠాణీ సూపు మీద మీగడలా పొర కడుతోంది. కానుకల సంచి నేల మీద సగం ఖాళీ అయి ఒక పక్కకి ఒరిగి ఉంది.

"పూర్తిగా చదవకుండా లేవకూడదు," అన్నాడు డౌవె. "మా అమ్మ ఉంటే చెవి పట్టుకుని కూర్చోబెట్టేది."

"తాతయ్యా, ఊరుకో."

"ఊరుకుంటే సూపు వేడెక్కుతుందా? ఇలా ఇవ్వు ఆ కాగితం. ఆయన బదులు నేను చదువుతాను."

నింకె చెయ్యి అడ్డం పెట్టబోయింది. ఆలోపే ముసలాయన కాగితం లాక్కుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, చర్చిలో చదివినట్టు మొదలుపెట్టాడు.

"సన్నమంటూ మార్చినాడు, లావుదంటూ తెచ్చినాడు,
మూడేళ్ళుగ పెట్టె మీద పెట్టె పేర్చి మురిసినాడు.
ఎంచుకుంటు కూర్చుంటే ఏ తప్పూ జరగదు కద,
కట్టనిది కూలదు కద, మామగారు పడరు కద."

కింద సంతకం ఏటా డిసెంబరు మొదట్లో స్పెయిన్ నుంచి కానుకలు తెస్తాడనే సాధువు సింటర్‌క్లాస్‌ది. ఆ సాయంత్రం ఏ ఇంట్లో ఎవరు ఎవర్ని ఎంత ఏడిపించినా ఆ పాపం గడ్డం సాధువుదే. పద్యం ఎవరికొస్తే వాళ్ళు నలుగురిలో పైకి చదవాలి, నవ్వాలి, కానుక విప్పుకోవాలి. రాసిందెవరని అడగకూడదు. అడిగినా ఎవరూ ఒప్పుకోరు. ఏడాదంతా నోటికి రాని మాటలు ఆ ఒక్క సాయంత్రం ప్రాసతో సహా బయటికొస్తాయి. మామూలుగా అయితే అందరూ నవ్వేస్తారు కూడాను.

డౌవె అలవాటు చొప్పున నవ్వబోయి, నోరు తెరిచి, మూసేశాడు.

"నువ్వే రాశావమ్మా," అంది మారిట్.

"సింటర్‌క్లాస్ రాశాడు. కింద పేరుంది చూడు."

"స్పెయిన్‌లో ఉండే ఆయనకి మన షెడ్డులో పెట్టెలెన్నున్నాయో ఎలా తెలుస్తుంది?"

"సూపు తిను."

"నువ్వు తిను. నాకు దిగట్లేదు."

"ఏం, మీ నాన్నని అంటే అంత గుచ్చుకుందా? మూడేళ్ళ నుంచి ఈ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుంటామో నీకేం తెలుసు? పట్టాలు. స్క్రూలు. మోటార్లు. వారం అంతా ఒకటి బాగుందంటాడు, శనివారానికి అది పనికిరాదంటాడు. నేను పళ్ళ క్లినిక్కులో పదిమంది నోళ్ళు కడిగి ఇంటికొస్తే, ఇక్కడ మళ్ళీ ఒక నోరు."

"దాని గురించి రాయాల్సింది. తాతయ్య పడ్డం ఎందుకు రాశావు?"

నింకె తండ్రి వైపు చూసింది. "నాన్నే రోజూ దాని మీద జోకులేస్తాడు కదా."

"నేనేస్తాను," అన్నాడు డౌవె. "పడింది నేను, విరిగింది నా తుంటి, నవ్వుకునే హక్కు నాది. అల్లుడు కట్టిన మెట్లు దిగాలంటే ఇన్సూరెన్సు ఉండాలంటాను, అతను నవ్వుతాడు. అదే మాట నువ్వంటే అతనికి ఇంకోలా వినిపిస్తుంది. ఆ మాత్రం తెలీదుటే?"

తెలుసు. రాసేటప్పుడు కూడా తెలుసు. మధ్యాహ్నం క్లినిక్కులో రొట్టె తింటూ నాలుగో పాదం రాసినప్పుడు నవ్వొచ్చింది, నవ్వొచ్చాక కొంచెం భయం వేసింది, ప్రాస బాగా కుదిరిందని ఉంచేసింది. ఆ సంగతి ఇప్పుడు తల్చుకుంటే ఒంటికి కారం రాసుకున్నట్టుంది.

వీబ్రెన్ మామూలు వడ్రంగి కాదు, మెట్ల పనివాడు. ఆ చుట్టుపక్కల ఇరుకు ఇళ్ళలో మలుపు తిరిగే మెట్లు కట్టాలంటే అతన్నే పిలిచేవాళ్ళు. మామగారింట్లో తను కట్టిన మెట్ల చేతిపట్టు కర్ర గోడ నుంచి ఊడి, దాన్ని పట్టుకుని దిగుతున్న డౌవె కింద పడ్డాక, అతను ఇంకెవరికీ మెట్లు కట్టలేదు. కంప్యూటర్ చెప్పిన కొలత ప్రకారం చెక్కను కోసే యంత్రం సొంతంగా కట్టుకుంటాననీ, దాంతో కోసిన మెట్టు ఇక జన్మలో తప్పు పోదనీ అన్నాడు. అందరూ సరే అన్నారు. భాగాలు ఎంచుకోవడం మొదలుపెట్టాడు. ఇంకా ఎంచుకుంటూనే ఉన్నాడు.

"సంచిలో ఇంకోటుంది," అంది మారిట్. "నీదే."

"తర్వాత చూద్దాం."

"నాన్న చదివాడుగా. నువ్వూ చదువు."

పెట్టె తేలిగ్గా ఉంది. నింకె కాగితం చింపింది. లోపల పల్చటి చెక్కతో చేసిన షెడ్డు బొమ్మ. వాళ్ళ షెడ్డే. వంకర కిటికీ, తుప్పు రంగు గడియ, కాలవ వైపు కాస్త కుంగిన మూల, ఏదీ వదలలేదు. పైకప్పు ఎత్తితే లోపలంతా ఖాళీ. గోడ వారగా తీగతో వంచిన బుల్లి సైకిళ్ళు నాలుగు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకదాని ముందు బుట్ట కూడా ఉంది. అది నింకె సైకిలు.

"అబ్బ," అన్నాడు డౌవె. "చక్రాలు తిరుగుతున్నాయే."

పైకప్పు లోపల పెన్సిలుతో రెండే పాదాలు. చదవాలి కాబట్టి పైకే చదివింది నింకె.

"ఖాళీ చేశా షెడ్డు, పెట్టుకో సైకిళ్ళు,
కొత్త ఏటి నుంచి ఫ్యాక్టరీలో నా కాళ్ళు."

ప్రాస కోసం కాళ్ళు తెచ్చి అక్కడ పెట్టాడు. ఎవరూ నవ్వలేదు. కిటికీ ఫ్రేముల ఫ్యాక్టరీలో ప్లానింగు బల్ల దగ్గర ఉద్యోగం ఉందని కబురు తెచ్చింది నింకెనే. వెళ్ళు వెళ్ళు అని సతాయించిందీ తనే. వెళ్తానన్నాడు. అది కూడా ఆమె పద్యం చదవకముందే, ఎన్నాళ్ళ క్రితమో, కూర్చుని తీగలు వంచుతూ అనుకున్నాడు.

"అంటే ఏంటి, నాన్న యంత్రం మానేస్తున్నాడా?" అంది మారిట్.

నింకె లేచింది. కొక్కేనికి వేలాడుతున్న అతని కోటు తీసుకుని పెరట్లోకి నడిచింది.

వాన అడ్డంగా కొడుతోంది. పెరడు దాటేసరికి ఆమె సగం తడిసింది. షెడ్డు గోడ బయట నాలుగు సైకిళ్ళు టార్పాలిన్ కింద ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. టార్పాలిన్ కొస గాలికి ఆగకుండా కొట్టుకుంటోంది.

అతను అలిగి మూల కూర్చుని ఉంటాడనుకుంది. తీరా చూస్తే నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, పొడవాటి ఉక్కు పట్టాలకు నూనె కాగితం చుట్టి టేపు వేస్తున్నాడు. అవి యంత్రం చెయ్యి అటూ ఇటూ జారే పట్టాలు.

"ఏం చేస్తున్నావు?"

"సర్దుతున్నాను."

"ఎవరి కోసం?"

"ఎమ్మెన్ నుంచి ఇవి కొనుక్కోడానికి ఒకాయన వస్తున్నాడు. దార్లో ఉన్నాడు. ఇవాళ అందరూ ఇళ్ళలో ఉంటారు, రోడ్లు ఖాళీగా ఉంటాయన్నాడు."

"నాతో ఒక్క మాట చెప్పకుండానే?"

"చెప్పానుగా. సంచిలో పెట్టాను. విప్పలేదా?"

"విప్పాను."

"సైకిళ్ళు నచ్చాయా?"

ఆమెకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి గొంతులోకొస్తే కోపానికే దారిచ్చింది.

"పద్యం నేనే రాశాను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"కద, కద అని ఈ ఇంట్లో నువ్వే అంటావు. మారిట్ చిన్నప్పుడు కూడా అంతే. తింటావు కద, పడుకుంటావు కద." అతను టేపు పళ్ళతో తెంపాడు. "బాగా రాశావు. మూడో పాదం మరీ బాగుంది."

"వెటకారమా?"

"కాదు. నిజంగానే."

"కోటు వేసుకో."

"పనిలో ఉన్నాను."

ఆమె కోటు బల్ల మీద పడేసింది. ఆ బల్ల మీద, బల్ల కింద, అరల్లో, ఎక్కడ చూసినా పెట్టెలే. ప్రతి వస్తువూ రెండు మూడు రకాలు. వెనక్కి పంపాల్సినవి కూడా పంపలేదు, పంపితే తర్వాత అదే మంచిదని తేలుతుందేమోనని.

"ఎందుకు అమ్మేస్తున్నావు?"

"నీ కోసం."

"నా కోసమా, నా వల్లా?"

"రెంటికీ తేడా ఏముంది?"

"చాలా ఉంది. నా కోసమైతే నన్నడిగేవాడివి."

"నువ్వేగా షెడ్డు ఖాళీ చెయ్యమన్నది? సైకిళ్ళు తుప్పు పడుతున్నాయన్నది? ఫ్యాక్టరీలో ఉద్యోగం ఉందని పరిగెత్తుకుంటూ వచ్చింది?"

"అన్నాను. అన్నీ అన్నాను. యంత్రం కట్టొద్దని ఎప్పుడైనా అన్నానా?"

అతను చెయ్యి ఆపి నిజంగానే ఆలోచించాడు. అదే అతనితో వచ్చిన చిక్కు, పోట్లాటలో కూడా అడిగినదానికి సరైన జవాబు వెతుక్కుంటాడు.

"అనలేదు."

"కట్టు కట్టు అని వేధించాను. అది చేతకాక, పెళ్ళాం పోరు పడలేక మానేశానని రేపు ఊరంతా చెప్తావు. ఆ మాట జన్మంతా నేను మొయ్యాలి. నీ భయానికి నా పేరు పెట్టకు, వీబ్రెన్. భయంగా ఉంటే భయంగా ఉందని చెప్పు."

గాలికి షెడ్డు రేకు కిర్రుమంది. వీబ్రెన్ టేపు ఉండని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"మీ నాన్న ఇంట్లో ఆ చేతిపట్టు కర్ర బిగించిన రోజు వాన పడుతోంది," అన్నాడు చివరికి. "పొడుగు స్క్రూలు వ్యానులో ఉన్నాయి. చేతిలో ఉన్నవి పొట్టివి. వ్యాను వీధి చివర పెట్టాను. తడుస్తూ అంత దూరం ఎవరు వెళ్తారనుకున్నాను."

"గోడ పాతది, చెమ్మకి ఊడిందని కదా అన్నావు?"

"అదే చెప్పాను అందరికీ. గోడదేం తప్పు లేదు. చాలులే అనుకున్నాను, నింకె. అంతే. చాలులే అన్నాను. బిగించాను."

నింకెకి కూర్చోవాలనిపించింది. కూర్చోడానికి పెట్టె తప్ప ఏమీ లేదు, అందులో ఏముందో తెలీదు. నిలబడే ఉంది. తండ్రి మెట్ల కింద పడి ఉన్న ఆ పొద్దుటిపూట కళ్ళ ముందుకొచ్చింది. మొగుడి మీద జాలి వేసింది. ఇన్నాళ్ళూ చెప్పనందుకు చెంప పగలగొట్టాలనీ అనిపించింది.

"నాన్నకి తెలుసా?"

"లేదు. ఇప్పుడు నువ్వు చెప్పొచ్చు."

"నేనెందుకు చెప్తాను? నువ్వు చెప్పాలి."

"ఊఁ."

"అందుకనా ఇదంతా?" ఆమె పెట్టెల వైపు చెయ్యి ఊపింది. "పట్టా సన్నమని లావుది తెస్తావు. పట్టా లావైతే యంత్రం చెయ్యి బరువెక్కిందంటావు. చెయ్యి బరువైతే మోటారు లాగలేదంటావు. మోటారు పెంచితే ఫ్రేము ఊగుతుందంటావు. ఫ్రేము పెంచితే మళ్ళీ పట్టా సన్నం. నాకే కంఠతా వచ్చేసింది. నోళ్ళు కడుగుతూ కలవరిస్తున్నాను."

"ఒకటి మారిస్తే అన్నీ మార్చాలి. అది దాని స్వభావం."

"ఎక్కడో ఒకచోట చాలు అనాలి కదా."

"ఆ మాట నా నోటికి రాదు. మూడేళ్ళ నుంచి ప్రయత్నిస్తున్నాను. పార్సెలు విప్పుతాను, చేతిలోకి తీసుకుంటాను, ఇది చాలులే అనుకోబోతాను. మీ నాన్న గుర్తొస్తాడు. ఇంకో సైజు పెద్దది ఆర్డరు పెడతాను."

నింకె తడి జుట్టు వెనక్కి తోసుకుంది. స్వెట్టరు చేతులు మోచేతుల దాకా మడిచింది.

"సరే. నీ నోటికి రాకపోతే నేనంటాను. నేను ఎంచుతాను, నువ్వు వద్దను. ఎందుకు వద్దో చెప్పు. సరిగ్గా చెప్పలేకపోతే అది ఖాయం."

"ఆయన దార్లో ఉన్నాడు."

"రానీ. ముందు పట్టాలు. ఈ గుండ్రటి కడ్డీలు వద్దు, ఇవి మధ్యలో వంగుతాయని నువ్వే ఏడాది పాటు చెప్పావు. ఇరవయ్యా, పాతికా?"

"పాతిక మిల్లీమీటర్లవి."

"ఎందుకు?"

"ఒకటిన్నర మీటరు పొడవు. ఇరవైదైతే గట్టి కలప కోసేటప్పుడు కాస్త కదులుతుంది."

"ఎంత?"

"వెంట్రుక మందం. ఇంకా తక్కువే."

"మెట్టు వెంట్రుక మందం తేడాగా ఉంటే మనిషి పడతాడా?"

"...పడడు."

"ఇరవై చాలు." ఆమె అతను కట్టిన ఇరవై పట్టాల కట్టని బల్ల వైపు జరిపింది. "తర్వాత. యంత్రం చేతిని జరిపే ఈ బాల్ స్క్రూలు. సన్నవా, లావువా?"

"సన్నవి పొడుగ్గా ఉంటే వేగంగా తిప్పినప్పుడు పిల్లలాడుకునే తాడులా ఊగుతాయి."

"నెమ్మదిగా తిప్పు. ఎవరు తరుముతున్నారు?"

"నెమ్మదిగా తిప్పితే ఒక మెట్టు కొయ్యడానికి..."

"కోస్తూ కూర్చో. మూడేళ్ళు కూర్చున్నావు, ఒక గంట కూర్చోలేవా? సన్నవి చాలు. తర్వాత ఈ స్పిండిలు. నీళ్ళదా, గాలిదా?"

ఉలిని గిరగిరా తిప్పే మోటారు అది. నీళ్ళతో చల్లబడేది పిల్లిలా చప్పుడు లేకుండా తిరుగుతుంది. గాలితో చల్లబడేది అరుస్తుంది. పక్కింటి వాళ్ళ గొడవ వస్తుందని ఒకటి తెచ్చాడు, షెడ్డులో చలికి గొట్టం పగులుతుందని ఇంకోటి తెచ్చాడు.

"నీళ్ళదే మంచిది," అన్నాడు వీబ్రెన్. "కానీ చలి ముదిరితే గొట్టంలో నీళ్ళు గడ్డకడతాయి."

"ఊరంతా కాలవ గడ్డకడితే స్కేటింగు చేద్దామని దేవుడికి దణ్ణాలు పెడుతుంటే, నువ్వొక్కడివే గొట్టం గడ్డకట్టకూడదని కూర్చున్నావు. గాలిది పెట్టు. పక్కింటావిడకి చెవుడు."

"ఆవిడకి చెవుడు కాదు. నువ్వంటే పడక వినిపించనట్టు ఉంటుంది."

"అయితే ఇంకా మంచిది. గాలిది చాలు."

అతని పెదవి కొస కదిలింది. చాలా రోజుల తర్వాత. నింకె అది చూసీ చూడనట్టు మోటార్ల పెట్టెలోంచి రెండు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి."

"అవి కాదు."

"ఎందుకు కాదు? ఇవే చిన్నవి, తేలిక."

"అవి తేలికే. వాటిని నడిపే బోర్డు ఆ పసుప్పచ్చ పెట్టెలోది. అది ఎక్కువసేపు వేడి తట్టుకోదు. నువ్వు ఎంచిన స్క్రూలకీ పట్టాలకీ అయితే..." అతను లేచాడు. మోకాళ్ళు దులుపుకోకుండానే పై అర దాకా వెళ్ళి, మధ్య సైజు మోటార్లున్న పెట్టె దించాడు. ఒకటి బయటికి తీసి ఇరుసుని వేళ్ళతో తిప్పి చూశాడు. "ఇవి. ఇవి సరిపోతాయి."

ఇద్దరూ ఆగారు. సరిపోతాయి అన్న మాట అతని నోటి నుంచి వచ్చినట్టు అతనికే తెలియలేదేమో. నింకె ఏదో అనబోయి, అంటే అది చెదిరిపోతుందని మానేసింది. మోటారు అందుకుని వరసలో మిగతావాటి పక్కన పెట్టింది.

బల్ల మీద ఒక్కో రకం ఒక్కొక్కటే ఉన్నాయి ఇప్పుడు. కట్టడానికి కావలసినవన్నీ, చిన్నగా, ఎదురెదురుగా. షెడ్డు అంతా ఇంకా చిందరవందరగానే ఉంది, ఆ ఒక్క బల్ల తప్ప. వీబ్రెన్ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. కాలితో నేల మీద యంత్రం ఎంత చోటు తీసుకుంటుందో గీశాడు.

"సైకిళ్ళు పడతాయి," అన్నాడు. "ఈ గోడకి. నిలబెడితే."

"పడతాయి."

"మీ నాన్నకి రేపు చెప్తాను."

"ఇవాళ చెప్పు. లోపలే ఉన్నాడు."

అప్పుడే తలుపు తెరుచుకుంది. మారిట్ గొడుగుతో నిలబడి ఉంది, గొడుగు గాలికి తిరగబడి పోయింది. ఆమె వెనక పసుప్పచ్చ రెయిన్‌కోటు వేసుకున్న అరవయ్యేళ్ళ మనిషి, గడ్డం నుంచి నీళ్ళు కారుతుంటే నవ్వుతూ.

"నాన్నా, ఈయన హర్మ్ గారట. నిన్ను కలవడానికొచ్చారు."

"క్షమించాలి, పండగ పూట వచ్చాను," అన్నాడు హర్మ్. "మా ఇంట్లో పిల్లలు లేరు, మాకు పండగంటే టీవీనే. ట్రెయిలరు గుమ్మం ముందే పెట్టాను. ఇవేనా?"

అతను నూనె కాగితం చుట్టిన పట్టాల కట్ట దగ్గరికి తిన్నగా వెళ్ళి, ఒక కొస కాగితం విప్పి, బొటనవేలితో నిమిరాడు. వస్తువు తెలిసిన మనిషి నిమిరే తీరు అది.

"ఇవి ఇరవయ్యా, పాతికా?"

"ఇరవై," అంది నింకె. "ఇవి అమ్మట్లేదు."

హర్మ్ ఆమెనీ వీబ్రెన్‌నీ మార్చి మార్చి చూశాడు. "ఫోనులో అన్నీ అన్నారు."

"అప్పుడన్నారు. ఇప్పుడు మనసు మారింది. పాతికవి ఉన్నాయి, లావు స్క్రూలున్నాయి, పెద్ద మోటార్లున్నాయి. అవన్నీ తీసుకెళ్ళండి, పెట్టెలు నేనే మోస్తాను."

"అవి నాకెందుకమ్మా?" అన్నాడు హర్మ్, విసుగు లేకుండానే. "నాకు ఇరవైవాటి ప్రకారమే అంతా లెక్క కుదిరింది. చర్చిలో వాయించే ఆర్గనుకి చెక్క గొట్టాలు చేస్తాను. ఇరవై చాలు నాకు. కొత్త సంవత్సరానికల్లా కొయ్యడం మొదలుపెట్టేస్తాను. ఈ ఇరవైవి లేకపోతే మిగతావి పట్టుకెళ్ళి ఏం చేసుకోను?"

అంత తేలిగ్గా అనేశాడు. వీబ్రెన్ ముఖంలో రంగు మారడం నింకె చూసింది.

హర్మ్ కట్ట దగ్గర నుంచి లేచాడు. వీబ్రెన్, ఎందుకో, చేతులు ఊరికే ఉండలేకనో, ఇచ్చిన మాట గుర్తొచ్చో, వంగి కట్టని ఒక కొసన ఎత్తాడు. రెండో కొస నింకె పట్టుకుంది, గట్టిగా, రెండు చేతులతో. ఒకటిన్నర మీటరు ఉక్కు ఇద్దరి మధ్య అడ్డంగా ఉంది. నూనె ఆమె స్వెట్టరుకి అంటుకుంది.

"వీబ్రెన్," అంది. "ఆయనకి చెప్పు."

"ఏం చెప్పాలి?"

"ఇప్పుడు మనం అనుకున్నది చెప్పు. ఒక్క మాట."

"మీ ఇంటి సంగతి మీ ఇష్టం," అన్నాడు హర్మ్. "నేను గంటన్నర వానలో నడుపుకుంటూ వచ్చాను, అయినా పర్లేదు. అమ్మట్లేదంటే వెళ్ళిపోతాను, తగువేం లేదు. ఇంతకీ యంత్రం కట్టేది మీరే కదా? మీరే చెప్పండి. ఉంచుకుంటారా, ఇచ్చేస్తారా?"

మారిట్ తిరగబడ్డ గొడుగు పట్టుకుని అలాగే నిలబడింది. వీబ్రెన్ పట్టా వైపు చూశాడు. బల్ల మీద వరసగా ఉన్న వాటి వైపు చూశాడు. అరలో పాతిక పట్టాల వైపు కూడా చూశాడు, అది నింకె కంట పడింది.

"ఒక్క రాత్రి టైమివ్వండి," అన్నాడు. "కాస్త ఆలోచించుకుని రేపు పొద్దున చెప్తాను."

నింకె తన కొస వదిలేసింది.

ఉక్కు సిమెంటు నేల మీద పడి ఖంగుమంది. ఆమె చేతులు స్వెట్టరుకి తుడుచుకుంది. ఏడవలేదు, అరవలేదు. మూడేళ్ళలో ఎన్నడూ లేనంత అలసటగా ఉంది ఆమెకి.

"రేపు నేను రాలేనండి," అన్నాడు హర్మ్ నెమ్మదిగా. వంగి, ఆమె వదిలిన కొస తను అందుకున్నాడు. రెండో కొస ఇంకా వీబ్రెన్ చేతిలోనే ఉంది. "మొయ్యమంటే మోసేద్దాం. దించమంటే ఇక్కడే దించేద్దాం. చేతుల్లో పట్టుకుని రాత్రంతా నిలబడలేం కదా."

నింకె ఆ జవాబు కోసం ఆగలేదు. మారిట్ పక్క నుంచి బయటికొచ్చి, వానలోకి నడిచింది. వంటింటి కిటికీలో తండ్రి తల కనిపిస్తోంది, ఒక్కడే సూపు తింటున్నాడు. పెరట్లో సగం దూరం వెళ్ళేసరికి వెనక షెడ్డు తలుపు పూర్తిగా తెరిచిన చప్పుడు, తర్వాత కంకర మీద అడుగుల చప్పుడు వినిపించాయి. ఉత్త చేతులతో వస్తున్న ఒక్క మనిషివా, బరువు మోస్తూ వస్తున్న ఇద్దరివా అన్నది ఆ గాలిలో ఆమెకి తెలియలేదు.